సముద్రం దగ్గర ‘వద్దు’ అన్న మాటే చెల్లాలి

ప్రశ్న: మావారికి 47, నాకు 43. బాబు చదువుకని వెళ్ళిపోయాడు. ఉద్యోగంతో విసిగిపోయి మావారు ఏదైనా మార్పు కావాలని వెతుకుతుంటే, ఒక చిన్న దీవికి వేసవి కాపలాదారులు కావాలన్న ప్రకటన కనిపించింది. దరఖాస్తు పెట్టాం, అనుకోకుండా ఎంపికయ్యాం. మే మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఉండాలి. మాకో ఇల్లు, అతిథులకు రెండు గదుల కుటీరం, వాతావరణం బాగున్న రోజుల్లో పడవలో వచ్చిపోయే సందర్శకులు. కరెంటు లైను లేదు, మంచినీళ్ళ పైపు లేదు. ఆయన “నాలుగు నెలలు హాయిగా విశ్రాంతి” అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. రోజంతా ఏం చేస్తాం? బోర్ కొట్టదా? నాకు ఈత రాదు. పైగా పట్టింపు వస్తే మేమిద్దరం రెండేసి రోజులు మాట్లాడుకోం. ఇంకా సంతకం పెట్టలేదు. వెళ్ళమంటారా? ఇంకో చిన్న సందేహం, నా కుట్టు మిషన్ తీసుకెళ్ళొచ్చా? (పేరు వేయకండి)

జవాబు: ‘విశ్రాంతి’ అన్న మాట చదవగానే నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. మా ఆయన కూడా మొదటి వేసవికి పద్నాలుగు పుస్తకాలు సర్దుకున్నారు. నాలుగు నెలల్లో చదివింది ఒకటిన్నర. అదీ జ్వరంతో మంచం పట్టిన మూడు రోజుల్లో. ఆ తర్వాత ఇంకో మూడు వేసవులు అదే దీవికి, అదే పనికి వెళ్ళాం. నాలుగోసారి ఆయన సంచిలో ఒక్కటే పుస్తకం ఉంది, పడవ ఇంజను రిపేరు పుస్తకం.

కాబట్టి బోర్ కొట్టదు, అలుపొస్తుంది. ఇంటి దగ్గరైతే ఏదైనా పాడైనప్పుడు ఫోను చేస్తే ఎవరో ఒకరు వస్తారు. అక్కడ ఆ ఎవరో ఒకరు మీరే. గొట్టం బాగుచేసేదీ మీరే, మరుగుదొడ్డి శుభ్రం చేసేదీ మీరే, పడవ తాడు అందుకునేదీ మీరే, కాలు బెణికినవాళ్ళకు కట్టు కట్టేదీ మీరే. పని అయిపోవడం అంటూ ఉండదు, చీకటి పడితే ఆపడమే. వేసవిలో చీకటి కూడా తొందరగా పడదు.

రోజంతా ఏం చేస్తారని అడిగారు కదా. పొద్దున్న కళ్ళు తెరవకముందే చెవులు పని మొదలుపెడతాయి. మా పడగ్గది కిటికీ రేవు వైపు ఉండేది. అల వచ్చి రాయిని తప్పున కొట్టి ఊరుకుంటే ఆ రోజు పడవ వస్తుంది. కొట్టాక గులకరాళ్ళు గలగలా వెనక్కి జారే చప్పుడు వినబడితే పడవ అనుమానమే. మొదటి పదిహేను రోజులూ నాకు అన్ని చప్పుళ్ళూ ఒకేలా వినిపించాయి. జూన్ రెండో వారానికి నిద్రలోనే తేడా తెలిసిపోయేది.

లేచాక టీ కన్నా ముందు మూడు లెక్కలు. నీళ్ళెన్ని ఉన్నాయి, బ్యాటరీ ఎంత ఉంది, గాలి ఎటు నుంచి ఎంత ఉంది. మూడూ వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడే నోటుబుక్కులో రాయాలి. మా ముందు వేసవి ఉన్నవాళ్ళ రాత, వాళ్ళ ముందువాళ్ళ రాత అందులో ఉండేది. జూలైలో నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయో తెలియాలంటే ఆ పుస్తకాన్ని మించింది లేదు. మీ దీవిలో కూడా అలాంటిది ఉందేమో వెళ్ళిన రోజే అడగండి. లేకపోతే మీరు మొదలుపెట్టండి.

గాలి లెక్కకు బోఫర్ట్ కొలత వాడతారు. ఫ్రాన్సిస్ బోఫర్ట్ అనే బ్రిటిష్ నావికాదళ అధికారి 1805లో పెట్టుకున్న లెక్క అది. దాని అందం ఏమిటంటే కంటితో చూసి చెప్పొచ్చు. 4 అంటే గంటకు 20 నుంచి 28 కిలోమీటర్ల గాలి, అలల నెత్తిన తెల్ల నురగలు తరచుగా కనిపిస్తాయి. 6 అంటే 39 నుంచి 49, గొడుగు పట్టుకుని నిలబడటం కష్టం. రేడియోలో చెప్పే అంకెను రోజూ కిటికీలోంచి కనిపించే నీళ్ళతో పోల్చి చూసుకుంటూ ఉండండి. నెల తిరిగేసరికి రేడియో కన్నా ముందు మీరే చెబుతారు.

ఆటుపోట్లు మీ గడియారం అనుకోండి. చాలా తీరాల్లో ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఇవాళ పదింటికి పోటు ఉంటే రేపు పదకొండుకు కాస్త ముందు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు నీళ్ళు బాగా పైకెక్కుతాయి, బాగా కిందికీ దిగుతాయి. అలా దిగినప్పుడు మా రేవు మెట్లలో ఆఖరి ఐదు మెట్లు ఆకుపచ్చగా, నాచుతో బయటపడేవి. ఆ మెట్ల మీద జారిపడటం ప్రతి కొత్త కాపలాదారుకూ రాసిపెట్టి ఉంటుంది. నాకైతే రెండుసార్లు. వైరు బ్రష్షు పెట్టి రుద్దడం వారానికొకసారి తప్పని పని, దాన్ని ఎవరూ ప్రకటనలో రాయరు.

ఇక నీళ్ళు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీ నాలుగు నెలలూ దీని చుట్టూనే తిరుగుతాయి. బావి ఉంటే అదృష్టవంతులు. లేకపోతే కప్పు మీద పడ్డ వానే ట్యాంకులోకి వెళ్తుంది. లెక్క తేలికే: చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా ఇంటి రేకుల కప్పు 60 చదరపు మీటర్లు. పది మిల్లీమీటర్ల వానకు కాగితం మీద 600 లీటర్లు, ట్యాంకులోకి నిజంగా చేరేది 500 అనుకోవాలి. మేమిద్దరం ఎంత పొదుపుగా వాడినా రోజుకు 50 అయ్యేవి. అంటే ఒక మంచి వాన మాకు పది రోజులు. కుటీరంలో నలుగురు అతిథులుంటే అదే వాన మూడు రోజులకు కూడా చాలదు. పాపం వాళ్ళ తప్పు కాదు, కుళాయి కింద చెయ్యి పెట్టి నీళ్ళు పారుతుండగా మాట్లాడే అలవాటు మనందరిదీ. అందుకే కుటీరంలో కుళాయి పీకేసి, ఇరవై లీటర్ల డబ్బాకు చిన్న తిప్పుడు కుళాయి బిగించి పెట్టాం. డబ్బాలో నీళ్ళు తగ్గడం కంటికి కనిపిస్తే ఎవరికైనా చెయ్యి దానంతటదే బిగుసుకుంటుంది.

చాలా రోజుల తర్వాత వాన వస్తే మొదటి నీళ్ళు ట్యాంకులోకి పోనివ్వకండి. కప్పంతా పిట్టల రెట్ట ఉంటుంది. గొట్టం తిప్పేసి ఆ నీళ్ళను బయటికి వదిలేసి, తర్వాతవి పట్టాలి. ఆ వాన రాత్రి రెండింటికి వస్తుంది, అదేమి విచిత్రమో. టార్చి నోట కరుచుకుని, నైటీ మీద రెయిన్‌కోటు వేసుకుని నేను నిచ్చెన పట్టుకుంటే ఆయన గొట్టం తిప్పేవారు. తాగే నీళ్ళు మాత్రం ఎంత తేటగా ఉన్నా బుడగలు పొర్లేలా ఒక నిమిషం మరగనివ్వండి.

బ్యాటరీ గురించి రెండు ముక్కలు చాలు. మామూలు 12 వోల్టుల సీసం బ్యాటరీ కాసేపు వాడకుండా ఉంచి చూస్తే 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 కి దిగితే సగం అయిపోయినట్టు. రోజూ సగం కన్నా కిందికి దించితే త్వరగా చెడిపోతుంది. ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్ లాంటి వేడి పుట్టించేవి ఇంట్లోనే వదిలెయ్యండి. అతిథులకూ ముందే చెప్పండి.

మరుగుదొడ్డి నీళ్ళతో నడిచేది కాకపోవచ్చు. వాడిన ప్రతిసారీ ఒక గుప్పెడు రంపపు పొట్టు వెయ్యాలి, అంతే. పొట్టు పొడిగా ఉంటే వాసన రాదు, తడిస్తే వస్తుంది. దాన్ని ఖాళీ చేసేది శనివారం పొద్దున్న. మీ ఇద్దరిలో ఎవరు చేస్తారనేది ఇక్కడే, బయల్దేరకముందే తేల్చుకోండి. మేం వంతులు వేసుకున్నాం. ఎవరి వంతు అయితే ఆ రోజు రెండోవాళ్ళు వంట.

సందర్శకులు రావడం మొదలైతే రోజు మధ్యభాగం వాళ్ళదే. తాడు అందుకోవాలి, మెట్ల దగ్గర చెయ్యి అందించాలి, తలలు లెక్కపెట్టాలి. వచ్చినప్పుడెన్నో వెళ్ళేటప్పుడు అన్నే ఉండాలి. ఆ తర్వాత అవే ప్రశ్నలు. భయం వెయ్యదా? కరెంటు లేకుండా ఎలా? రాత్రిళ్ళు ఏం చేస్తారు? ఆగస్టు వచ్చేసరికి ఆ నవ్వుముఖం పెట్టుకోవడమే అన్నిటికన్నా బరువైన పని అనిపించేది నాకు. మా ఆయనకు మాత్రం జనం వస్తే ప్రాణం లేచొచ్చేది. అందుకని రేవు పని ఆయనకిచ్చి, నేను పిట్టల గూళ్ళ చుట్టూ కట్టిన తాళ్ళు సరిచూసుకుంటూ అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయేదాన్ని. టెర్న్ అనే తెల్లటి పిట్టలు గూళ్ళు పెట్టే దీవి అయితే టోపీ మర్చిపోకండి. అవి నేరుగా నెత్తి మీదికి దూకి పొడుస్తాయి. అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నదాన్ని పొడవడం వాటి అలవాటు, అందుకే ఒక కర్ర తల కన్నా పైకి ఎత్తి పట్టుకుని నడిస్తే కర్రను పొడుస్తాయి.

పిట్టల మాట వచ్చింది కాబట్టి సామాను గురించి. అట్టపెట్టెల్లో ఏదీ తీసుకెళ్ళకండి, మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాల్లో సర్దండి. నేల మీద గుడ్లు పెట్టే పిట్టలున్న దీవిలోకి చూలు ఎలుక ఒక్కటి దూరినా చాలు, కొన్నేళ్ళలో గూళ్ళు ఖాళీ. బ్రిటన్‌లో లండీ దీవిని ఎలుకలు లేని దీవిగా 2006లో ప్రకటించారు, దక్షిణ అట్లాంటిక్ సముద్రంలోని దక్షిణ జార్జియా దీవిని 2018లో. రెండు చోట్లా ఏళ్ళ తరబడి పని, బోలెడు డబ్బు. ఒడ్డున ప్రతి డబ్బా తెరిచి చూపించమంటే విసుక్కోకండి. చెప్పుల అడుగున ఇరుక్కున్న గడ్డి గింజలు కూడా దులపమంటారు, దులపండి.

ఈ ఉద్యోగం మీద ఇంత మోజు కొత్తదేం కాదు. 2009లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పర్యాటక శాఖ ‘ప్రపంచంలోకెల్లా మంచి ఉద్యోగం’ అని హామిల్టన్ దీవికి ఆరు నెలల కాపలాదారు కోసం ప్రకటన ఇస్తే 34,000 మందికి పైగా దరఖాస్తు పెట్టారు. ఎంపికైన బెన్ సౌథాల్ అనే బ్రిటిష్ యువకుణ్ణి ఉద్యోగం ముగిసే రోజుల్లో ఇరుకాంజి అనే చిన్న జెల్లీచేప కుట్టింది, కోలుకున్నాడనుకోండి. ఐర్లండ్‌లో గ్రేట్ బ్లాస్కెట్ దీవికి ఏటా ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఇద్దరిని తీసుకుంటారు, వేల మంది పోటీ పడతారు. అక్కడా కరెంటు లైను లేదు. ఆ దీవి గురించి చదివినప్పుడు నన్ను పట్టుకున్నది ఆ పోటీ కాదు. తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్ళలో ఆఖరువాళ్ళను 1953లో ప్రభుత్వం తరలించింది. అంతకు కొన్నేళ్ళ ముందు, తుపాను గాలుల్లో డాక్టరు చేరలేక ఒక యువకుడు చనిపోయాడు. సముద్రంలో పుట్టి పెరిగినవాళ్ళే చలికాలం మా వల్ల కాదన్న చోటికి మనం వేసవిలో వెళ్తున్నాం. ఆ పాటి వినయం ఉంటే చాలు.

అందుకే బయల్దేరేముందు పళ్ళ డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్ళిరండి. దీవిలో పంటినొప్పి అంత నరకం లేదు. రోజూ వేసుకునే మందులుంటే నాలుగు నెలలకు కాదు, ఐదు నెలలకు సరిపడా పట్టుకెళ్ళి రెండు వేర్వేరు డబ్బాల్లో పెట్టండి.

ఈత సంగతి. నేర్చుకోండి, కనీసం వెల్లకిలా తేలడమైనా. కానీ ఈత వచ్చినవాళ్ళకున్న ధీమాయే నన్ను ఎక్కువ భయపెడుతుంది. నీళ్ళు 15 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే పడ్డ మరుక్షణం ఊపిరి ఎగబీలుస్తుంది, నోట్లోకి నీళ్ళు పోయేది అప్పుడే. మొదటి నిమిషం ఊపిరి సర్దుకోవడానికే సరిపోతుంది. తర్వాత పది నిమిషాలపాటు చేతులు, కాళ్ళు చెప్పిన మాట వింటాయి, ఆపైన వినవు. స్పృహ తప్పడానికి గంట దాకా పట్టొచ్చు. ఈ లెక్కలో మనిషిని నిలబెట్టేది ఈత కాదు, లైఫ్ జాకెట్. పడవ ఎక్కేటప్పుడు కాదు, రేవు మెట్టు మీద కాలు పెట్టేముందే వేసుకోండి. రేవు దాటి నీళ్ళలో పడ్డవాళ్ళకన్నా రేవులోనే పడ్డవాళ్ళను నేను ఎక్కువ చూశాను.

ఇంకొకటి. పడవ నడపడం ఆయన పని, వంట నా పని అని పంచుకోకండి. నడిపేవాడే నీళ్ళలో పడితే? ఇంజనుకు ఒక ఎర్ర తాడు ఉంటుంది, నడిపేవాళ్ళు కాలికో చేతికో తగిలించుకోవాలి. వాళ్ళు పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. ఆగిన పడవను మళ్ళీ స్టార్ట్ చేసి వెనక్కి తిప్పడం మీకు రావాలి. అలాగే వైర్‌లెస్ సెట్. ప్రాణాపాయం అయితే 16వ ఛానల్‌లో ‘మేడే’ మూడుసార్లు, ఎవరు, ఎక్కడ, ఏమైంది, ఎంతమంది. ఈ నాలుగూ ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి సెట్టు పక్కన అంటించండి. కంగారులో మన పేరే మనకు గుర్తు రాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఈత కాదు, నీళ్ళు కాదు, ‘రెండేసి రోజులు మాట్లాడుకోం’ అన్నది.

రెండో వేసవిలో మాకూ అదే జరిగింది. దేని గురించో ఇప్పుడు గుర్తు కూడా లేదు, బహుశా తడి తువ్వాలు. మాటలు ఆగిపోయాయి. మొదటి రోజు పొద్దున్న ట్యాంకులో కర్ర దించి చూశాను. అది వెదురు కర్ర, మేకుతో గీసిన గీతలుండేవి. నిన్న ఆరో గీత దగ్గరున్న నీళ్ళు నాలుగుకు దిగాయి. ఒక్క రాత్రిలో రెండు గీతలు తగ్గడమంటే ఎక్కడో కారుతోందన్నమాట. నోటుబుక్కులో ‘4’ అని రాశాను, నోటితో చెప్పలేదు. చూసుకుంటాడులే, కళ్ళున్నాయిగా అనుకున్నాను. ఆయన చూశాడు. ‘తనకు తెలుసు కదా, ఏదో చేస్తోందిలే’ అనుకున్నాడట. మూడో రోజు మధ్యాహ్నం కర్ర పొడిగా పైకొచ్చింది. కుటీరంలో నలుగురు, వాళ్ళలో ఇద్దరు చిన్నపిల్లలు. ట్యాంకు వెనక గొట్టం జాయింటు దగ్గర నేల మెత్తగా, బురదగా ఉంది. రూపాయి ఖరీదు చెయ్యని రబ్బరు వాషరు. ఆ సాయంత్రం ఎదురుగాలిలో ఒడ్డుకూ దీవికీ మధ్య మూడుసార్లు తిరిగి డబ్బాలతో నీళ్ళు తెచ్చాం. మూడో విడతలో, అరిచేతులు కందిపోయి, ఇద్దరం ఒకేసారి నవ్వేశాం.

ఇంట్లో మాట్లాడకపోతే మనసు నొచ్చుకుంటుంది, అంతే. దీవిలో అయితే గ్యాసు కట్టారో లేదో, పడవ ముడి ఎవరు వేశారో, ఎవరు ఏ ఒడ్డుకు వెళ్ళారో తెలియకుండా పోతుంది. అందుకని మేమొక ఒప్పందానికి వచ్చాం. అలక ఉన్నా సరే, పొద్దున్న ఆ మూడు అంకెలూ, ఎక్కడికి వెళ్తున్నదీ, ఎప్పటికి వస్తున్నదీ నోటితో, ముఖం చూసి చెప్పాలి. కావాలంటే కోపంగానే చెప్పొచ్చు. “నీళ్ళు ఆరు, బ్యాటరీ పన్నెండున్నర, గాలి పడమర నాలుగు” అని పళ్ళు బిగబట్టి చెప్పిన రోజులున్నాయి. ఆ మాత్రం చాలు. ఆ అంకెల వెనకే మిగతా మాటలూ ఒకటొకటిగా వచ్చేస్తాయి.

రెండో ఒప్పందం దీనికన్నా ముఖ్యం. సముద్రం మీదికి వెళ్ళే విషయంలో ఇద్దరిలో ఎవరు ‘వద్దు’ అన్నా వద్దే. కారణం అడగకూడదు, వాదించకూడదు, బతిమాలకూడదు. వెళ్దామనడానికి ఇద్దరూ కావాలి, ఆగిపోవడానికి ఒక్కరు చాలు.

వినడానికి తేలిగ్గానే ఉంటుంది. అసలు కష్టం ఎక్కడంటే, మూడో వేసవిలో ఒక పొద్దున్న ఒడ్డు నుంచి ఆరుగురిని తీసుకురావాలి. గాలి మూడో నాలుగో. ఆయన జాకెట్ వేసుకుని, తాడు విప్పబోతున్నాడు. నైరుతి వైపు ఆకాశం అంచున ఒక చార నాకు నచ్చలేదు. వద్దన్నాను. ఆయన తాడు మళ్ళీ ముడేసి, ఒడ్డుకు ఫోను చేసి చెప్పి, జాకెట్ విప్పి మేకుకు తగిలించాడు. ఆ రోజంతా సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉండిపోయింది. సాయంత్రం దాకా ఒక్క నురగ లేదు. ఆ ఆరుగురూ వేరే చోటికి వెళ్ళిపోయారు, యజమాని దగ్గర మాట పడ్డాం. నా అంచనా పూర్తిగా తప్పు. నేను ఆయన ముఖంకేసి చూడలేకపోయాను.

ఆయన ఆ ఊసే ఎత్తలేదు. ఆ రోజే కాదు, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా, నవ్వులాటకైనా ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆ తర్వాత నాకు అనుమానం వచ్చిన పొద్దున్న నోరు విప్పడానికి జంకేదాన్ని. వద్దన్నవాళ్ళు తప్పయిన రోజున రెండోవాళ్ళు ఊరుకోగలిగితేనే ఆ ఒప్పందం నిలుస్తుంది. మీవారు అలా ఊరుకోగలరా? మీరు ఊరుకోగలరా? ఆ ప్రశ్నకు జవాబు మీ ఇద్దరికే తెలుస్తుంది, నాకు తెలియదు. ఈత రాని మీరే ఎక్కువసార్లు వద్దంటారు కూడా, ఆ సంగతి ఆయనకు ఇప్పుడే చెప్పండి.

వెళ్ళమంటారా అన్నారు. నేనైతే ఒక వారం పరీక్ష పెట్టుకోమంటాను. మీ ఇంట్లోనే కుళాయిలన్నీ కట్టేసి, 350 లీటర్లు డ్రమ్ములో పట్టుకుని, ఏడు రోజులు అందులోంచే వంట, స్నానం, గిన్నెలు, బట్టలు అన్నీ. ఫ్రిజ్ ఆపేయండి. సాయంత్రాలు టీవీ లేదు. రోజూ పొద్దున్న డ్రమ్ములో కర్ర దించి అంకె పైకి చెప్పుకోండి. మూడో రోజుకు ఎవరు ఎక్కువ నీళ్ళు పోశారన్న తగువు వస్తుంది, రావాలి. అది ఎలా తేలుతుందో చూసి సంతకం పెట్టండి. ఆ తగువు డ్రమ్ము దగ్గరే తేలిపోతే వెళ్ళండి, నాకు తెలిసి మీ ఇద్దరికీ అంత మంచి వేసవి ఇంకోటి ఉండదు. రెండు రోజుల మౌనంలోకి వెళ్తే ఈ ఏడాది ఆగండి. దీవి ఎక్కడికీ పోదు.

సంతకానికి ముందు యజమానిని అడగాల్సినవి కూడా రాస్తాను. ట్యాంకు ఎన్ని లీటర్లు, ఆఖరుసారి ఎప్పుడు కడిగారు. పడవ చెడితే ఎవరు వస్తారు, ఎన్ని గంటల్లో. సామాను తెచ్చే పడవ వారానికి ఎన్నిసార్లు, దాని ఖర్చు ఎవరిది. మాకు వారానికి ఒక పూట పూర్తిగా సెలవు ఉంటుందా, ఆ పూట సందర్శకులు రాకుండా చూస్తారా. వాతావరణం బాలేదని పడవ ఆపితే ఆ నిర్ణయం మాదేనా, జీతంలో కోత పడుతుందా. ఈ ఆఖరిదానికి మాత్రం కాగితం మీద జవాబు తీసుకోండి. “అవన్నీ చూసుకుందాంలే” అని దాటేసే యజమాని అయితే దీవి ఎంత అందంగా ఉన్నా నేనైతే వెళ్ళను.

ఇక కుట్టు మిషన్. తప్పకుండా తీసుకెళ్ళండి, చేత్తో తిప్పేది అయితే. కరెంటుతో నడిచేది బ్యాటరీకి భారం. పడవ మీద కప్పే టార్పాలిన్, జెండా, పరుపు గలేబులు, లైఫ్ జాకెట్ల సంచులు, గాలికి చిరగనిది ఏదీ ఉండదు అక్కడ. దళసరి గుడ్డకు 16, 18 నంబరు సూదులు ఎక్కువ పెట్టుకోండి. నూలు దారం ఎండకూ ఉప్పుగాలికీ పుచ్చిపోతుంది, పాలిస్టర్ దారం కొనండి. మిషన్‌ను పెట్టెలో పెట్టి పడవలో నడిమధ్య, అడుగున ఉంచమనండి, బరువు కదా. దించాక వారానికోసారి ప్రతి కీలుకూ నూనె చుక్క వెయ్యండి, ఒక్క వారం మర్చిపోయినా చక్రం బిగుసుకుంటుంది.